టెక్ సందేహాలు: పన్నెండేళ్ల స్పీకర్లు అమెరికా నుంచి తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: 2013లో డల్లాస్‌లో పయనీర్ ఎస్‌పీ-బీఎస్22 బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జత కొన్నాను. ఇన్నేళ్లు రోజూ విన్నా వాటి మీద మొహం మొత్తలేదు. త్వరలో హైదరాబాద్‌కు వచ్చేస్తున్నాం. స్పీకర్లనూ వాటిని నడిపే రిసీవర్‌నూ వెంట తెచ్చుకోవాలా, లేక హైదరాబాద్‌లో సౌండ్‌బార్ కొనుక్కోవాలా?

జవాబు: స్పీకర్లు తప్పకుండా తెచ్చుకోండి. స్పీకర్ల డిజైనర్ ఆండ్రూ జోన్స్ రూపొందించిన ఈ మోడల్ 2012లో జత 130 డాలర్లకు వచ్చింది. ఆ ధరలో అంత సహజంగా గొంతు వినిపించిన స్పీకర్లు నాకు తెలిసి చాలా తక్కువ. ఇవి ప్యాసివ్ స్పీకర్లు, అంటే లోపల సొంత యాంప్లిఫయర్ లేనివి కాబట్టి కాలం చెల్లడానికి వీటిలో సాఫ్ట్‌వేరూ లేదు, వోల్టేజీ తేడాకు భయపడడానికి కరెంటు ప్లగ్గూ లేదు. రిసీవర్ సంగతి వేరు. దాని వెనుక 120 వోల్టులని మాత్రమే రాసి ఉంటే, మన 230 వోల్టుల సాకెట్‌లో నేరుగా పెట్టిన మరుక్షణం పాడయ్యే ప్రమాదం ఉంది. దాన్ని అక్కడే ఎవరికైనా ఇచ్చేసి, ఇక్కడ హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని ఒకే కేబుల్‌తో అందుకునే సాకెట్) ఉన్న చిన్న స్టీరియో యాంప్లిఫయర్ తీసుకోండి. మీ స్పీకర్ల విద్యుత్ నిరోధం 6 ఓమ్‌లు కనుక ఆ యాంప్లిఫయర్ 6 ఓమ్‌ల స్పీకర్లకు సరిపోతుందో లేదో చూసుకోండి. మామూలు హాలుకు ఒక్కో పక్కకు (ఛానెల్‌కు) 40, 50 వాట్లు చాలు.

బయలుదేరే ముందు ఒక పరీక్ష చేయండి. ముందున్న జాలీ తీసి, లోతైన శబ్దాలు (బేస్) పలికే వూఫర్ కోన్ చుట్టూ ఉండే మెత్తని అంచును వేలితో తాకి చూడండి. పగుళ్లు లేకుండా సాగుతుంటే దిగులు లేదు. పాత ఫోమ్ అంచులైతే వేలికి పొడిలా రాలిపోతాయి. తర్వాత నాలుగు వేళ్లతో కోన్‌ను రెండు పక్కలా సమానంగా, చాలా మెల్లగా లోపలికి నొక్కండి. గరగరమని రాపిడి వినిపిస్తే లోపలి కాయిల్ రాసుకుంటోందని అర్థం. పైనున్న, సన్నని శబ్దాలు పలికే ట్వీటర్ గోపురాన్ని మాత్రం ముట్టుకోకండి, సొట్ట పడితే సరిచేయడం కష్టం. ఒక పక్క శబ్దం మందగించిందనిపిస్తే, యాంప్లిఫయర్ దగ్గర కుడి ఎడమ వైర్లు మార్చి వినండి. లోపం రెండో పక్కకు మారితే తప్పు స్పీకర్‌ది కాదు. మారకపోతే వైరునూ, ఆపై శబ్దాన్ని వూఫర్‌కూ ట్వీటర్‌కూ పంచే క్రాసోవర్ సర్క్యూట్‌లోని కెపాసిటర్లనూ మెకానిక్‌తో చూపించండి.

ఇక్కడికి వచ్చాక వాటిని షోకేసు గూట్లోకి తోసేయకండి. గాలి రంధ్రం వెనక వైపు ఉంది కాబట్టి గోడకు అడుగు దూరమైనా లేకపోతే బేస్ గుమ్మంటుంది. మన ఇళ్లలో టైల్స్ నేల, బోసి గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి. ఒక తివాచీ, మందపాటి కర్టెన్లు చేసే మేలు కొత్త స్పీకర్లు కూడా చేయలేవు. 4 అంగుళాల వూఫర్ కనుక 55 హెర్ట్జ్‌కు దిగువన డప్పు అదురును ఆశించకూడదు. అది కావాలనిపిస్తే తర్వాత బేస్ కోసమే ఉండే సబ్‌వూఫర్ కలుపుకోవచ్చు.

ఒక్కొక్కటి 4 కిలోలు దాటుతుంది కాబట్టి సామాను బరువులో ఆ లెక్క వేసుకుని, జాలీలు బిగించే ప్యాక్ చేయండి. వైర్లు తిరిగి కలిపేటప్పుడు ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే వెళ్లాలి. ఒక్క స్పీకర్‌కు తారుమారైనా బేస్ పలచబడిపోతుంది.