పాత టికెట్లు, రసీదులతో కొలాజ్ చేస్తే నిలుస్తుందా?

ఇంట్లో పోగైన టికెట్లు, రసీదులు, గుడ్డ ముక్కలతో కొలాజ్ (ముక్కలు అతికించి చేసే బొమ్మ) చేయొచ్చా, కొన్నేళ్లకి పాడవదా అని అడిగారు. నిక్షేపంగా చేయొచ్చు. 1912లోనే చిత్రకారులు పికాసో, బ్రాక్ కాగితం ముక్కలు అతికించి బొమ్మలు చేశారు. జర్మన్ కళాకారుడు కుర్ట్ ష్విటర్స్ అయితే వాడేసిన ట్రామ్ టికెట్లను కూడా వదల్లేదు.

అసలు చిక్కు కాగితంతోనే. షాపు రసీదులు చాలావరకు థర్మల్ పేపర్ మీద వస్తాయి. వాటిలో ఇంకు ఉండదు, వేడికి రంగు మారే పూత ఉంటుంది. అందుకే కొన్నాళ్లకి అక్షరాలు వెలిసిపోతాయి. అలాంటివాటిని స్కాన్ చేసి, ప్రింట్ తీసి వాడండి. న్యూస్‌ప్రింట్‌లో (వార్తాపత్రికల కాగితంలో) లిగ్నిన్ అనే, చెక్కలో ఉండే పదార్థం ఎక్కువ, వెలుతురు తగిలితే ఆ కాగితం పసుపు రంగుకి మారుతుంది (నాకైతే ఆ రంగే ఇష్టం).

అడుగున మందపాటి అట్ట ఉండాలి. పీవీఏ జిగురు (మామూలు తెల్ల జిగురు) పల్చగా, అంచుల దాకా రాయండి. మధ్యలో ఓ చుక్క పెట్టి వదిలేస్తే అంచులు లేస్తాయి. తర్వాత బేకింగ్ పేపర్ కప్పి, బరువైన పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచితే అట్ట వంకర తిరగదు. అన్నట్టు, అతికించే ముందే ముక్కలన్నీ పేర్చి ఫోన్‌తో ఫొటో తీసుకోండి. చెయ్యి తగిలి చెదిరిపోయినా టెన్షన్ ఉండదు.