మాస్టారి జవాబు: 0.96తో గుణిస్తే దొంగలెక్కా?

ప్రశ్న: మాస్టారూ, ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి బెంజోయిక్ ఆమ్లం ఐఆర్ (పరారుణ వర్ణపటం) తీశాను. కార్బొనిల్ (కార్బన్-ఆక్సిజన్ జంట బంధం) పీక్ 1688 సెం.మీ⁻¹ దగ్గర వచ్చింది. కంప్యూటర్‌లో బి3ఎల్‌వైపి అనే లెక్క పద్ధతి, 6-31జి(డి) అనే బేసిస్ సెట్ (ఎలక్ట్రాన్లని వర్ణించే గణిత ప్రమేయాల సమితి) పెట్టి లెక్కిస్తే 1810 ప్రాంతంలో చూపిస్తోంది. 0.96తో గుణించమన్నారు. గుణించినా 1740 దగ్గరే ఆగింది. అసలిలా గుణించడం దొంగలెక్క కాదా? వైవా తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: దొంగలెక్క కాదమ్మా. నువ్వు వాడిన లెక్క బంధాన్ని ఎప్పటికీ సడలని స్ప్రింగ్ అనుకుంటుంది. నిజం బంధం లాగేకొద్దీ సడలుతుంది, చివరికి తెగుతుంది. అందుకే కొలిచిన అంకె కిందికి పడుతుంది. హైడ్రోజన్ క్లోరైడ్‌నే చూడు: సడలని స్ప్రింగ్‌గా అయితే 2991, గ్యాస్‌లో కొలిస్తే 2886. దీనికి ఆ పద్ధతిలోని లోటు కూడా తోడవుతుంది. ఈ రెంటినీ కలిపి సర్దే అంకెను స్కాట్, రాడమ్ అనే శాస్త్రవేత్తలు 1996లో ఇచ్చారు, 0.9614 అని. అది నీ పద్ధతికీ, నీ బేసిస్ సెట్‌కీ మాత్రమే. వైవాలో ఈ ముక్క మర్చిపోకు.

ఇక మిగిలిన ఆ 50. నాకు నచ్చింది అదే! నువ్వు కంప్యూటర్‌కి ఇచ్చింది శూన్యంలో ఒంటరి అణువుని. కేబీఆర్‌తో (పొటాషియం బ్రోమైడ్‌తో) కలిపి నూరింది స్ఫటికాన్ని. అందులో అణువులు జంటలుగా ఉంటాయి, ఒకదాని ఓ-హెచ్ రెండోదాని కార్బొనిల్‌ని పట్టుకుని. ఆ పట్టుకి కార్బొనిల్ కాస్త వదులై పీక్ దిగుతుంది. నీ షీట్ చూడకుండానే ఇంకోటి చెబుతాను: 2500 నుంచి 3300 దాకా దుప్పటి పరిచినట్టు ఒక గుట్ట ఉండాలి. అదే ఓ-హెచ్. నీ లెక్కలో మాత్రం గుణించాక కూడా 3500 పైన సన్నటి గీతగా ఉంటుంది. ఏ అంకెతో గుణిస్తే ఆ గీత గుట్టవుతుంది, చెప్పు?

రెండు అణువుల్ని ఎదురెదురుగా పెట్టి మళ్లీ రన్ చెయ్యి. 15 పరమాణువులు 30 అవుతాయి కాబట్టి ల్యాప్‌టాప్ అయితే రాత్రి పెట్టి పడుకో. పొద్దున్న రెండు కార్బొనిల్ అంకెలు కనిపిస్తాయి, ఒకదాని తీవ్రత సున్నా. కంగారుపడకు. రెండు కార్బొనిళ్లూ ఒకేసారి సాగితే డైపోల్ (అణువులో ధన, రుణ ఆవేశాల ఎడం) మారదు, ఐఆర్‌కి అది కనపడదు, రామన్ వర్ణపటంలో దొరుకుతుంది. ఒకటి సాగుతుంటే రెండోది ముడుచుకునేదే నీ పీక్. గుణించి చూడు, 1688కి బాగా దగ్గరికి వస్తుంది. చివరి అంకె దాకా కలవాలని మాత్రం పట్టుబట్టకు.

అన్నట్టు, 3400 దగ్గర ఇంకో వెడల్పాటి పీక్ ఉంటే అది ఆమ్లానిది కాదు, కేబీఆర్ పీల్చిన తేమది. మా కాకినాడలో వానాకాలం పెల్లెట్ (నొక్కి చేసిన కేబీఆర్ బిళ్ల) డై నుంచి, అంటే అచ్చు నుంచి, తీసేలోపే మబ్బు కమ్మేది. కేబీఆర్‌ని ఓవెన్‌లో బాగా ఆరబెట్టి మళ్లీ తియ్యి. ఆరబెట్టడం ఆమ్లం కలపకముందే సుమా! కలిపాక పెడితే ఆమ్లం ఆవిరైపోతుంది. మా బ్యాచ్‌లో ఆ పని చేసినవాణ్ని నేనే.