మూడు గంటల ప్రార్థన, పట్టని నిద్ర

నరసాపురం దగ్గరి ఒక గ్రామం నుండి 44 ఏళ్ల సోదరి రాసిన ఉత్తరానికి ఇది సమాధానం. ఆమె భర్త లీజుకు తీసుకున్న వనామి రొయ్యల చెరువుల్లో వరుసగా రెండు పంటలు వైట్ స్పాట్ తెగులు వల్ల పోయి, అప్పులు మిగిలాయి. ఆయన రాత్రిళ్లు చెరువు దగ్గరే పడుకుంటారు. కరెంటు పోయిన ప్రతిసారీ, చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోయాయన్న భయంతో ఈమెకు మెలకువ వస్తుంది. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి ప్రార్థిస్తూ, శుక్రవారం ఉపవాసం ఉంటున్నా, కొన్ని నెలలుగా తిండి సయించడం లేదని, ఇంటర్ చదివే కూతురిపై ఊరికే విసుక్కుంటున్నానని, ‘పడుకున్నదాన్ని లేవకపోతే బాగుండును’ అనిపిస్తోందని రాశారు. స్త్రీల కూడికలో కొందరు ఇది అవిశ్వాసమని, దాచిన పాపమేదో ఉందని అన్నారట. డాక్టరు దగ్గరకు వెళ్లడం దేవుని మీద ఆధారపడకపోవడమేనా, ప్రతిదినం తాను ఏమి చేయాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

సోదరీ, వందనాలు.

మీరు అడిగిన రెండు ప్రశ్నల కంటే ముందు, అడగకుండా ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన సంగతి గురించి మాట్లాడాలి. లేవకపోతే బాగుండునన్న తలంపు వచ్చినందుకు మీరు దోషి కారు. అయితే దానిని ఒంటరిగా మోయకూడదు. ఈ రోజే మీ భర్తతోనో, పాలకొల్లులో ఉన్న మీ అక్కతోనో ఆ మాటను మెత్తబరచకుండా, మీకు అనిపించినట్లే చెప్పండి. చెరువు మందులు, పురుగు మందులు ఇంట్లో ఉంటే బయటకు తీయించి, తాళం వేసే చోట పెట్టించండి. ఆ తలంపు బలపడినా, ఎలా చనిపోవాలన్న ఆలోచనగా మారినా, ఏ వేళనైనా 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు. ఆ సమయంలో ఇంట్లో ఒంటరిగా ఉండకుండా ఎవరినైనా తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి.

ఇక అవిశ్వాసం సంగతి. మీకు ఆ మాట చెప్పినవారు బైబిలులోని మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం మరొకసారి చదివితే మంచిది. కర్మెలు పర్వతం మీద ప్రార్థించి ఆకాశం నుండి అగ్ని దిగడం చూసిన ఏలీయా, యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయి, బదరీ వృక్షం కింద కూర్చుని తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి వేడుకున్నాడు. అంతటి ప్రవక్తను దేవుడు అక్కడ దాచిన పాపమేదని అడగలేదు. దూత అతణ్ణి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి, ప్రయాణం నీ శక్తికి మించినది గనుక తినమన్నాడు. ‘ఇచ్చట నీవేమి చేయుచున్నావు’ అన్న ప్రశ్న హోరేబు పర్వతం దగ్గర, నలభై దినాల ప్రయాణం తరువాతగాని రాలేదు. నిద్ర, భోజనం ముందు, సంభాషణ తరువాత. మీరు భక్తితోనే చేసినా, ఈ వరుసను తిరగవేసి, నిద్రను, తిండిని తగ్గించుకుని ప్రార్థనను పెంచుకుంటూ పోయారు.

కాబట్టి, వినడానికి కష్టంగా ఉన్నా, మీ ఆరోగ్యం కుదుటపడేవరకు మూడు గంటల ప్రార్థనను, శుక్రవారపు ఉపవాసాన్ని ఆపండి. చాలా రాత్రి వరకు మేలుకొని, కష్టార్జితమైన ఆహారం తినడం వ్యర్థమని చెప్పిన 127వ కీర్తనే, ఆయన తన ప్రియులకు వారు నిద్రిస్తుండగా ఇస్తాడని కూడా చెబుతోంది. రోజూ ఒకే వేళకు, అయిదున్నరకు అనుకుందాం, లేవండి. రాత్రి సరిగా నిద్ర పట్టకపోయినా ఆ వేళ మార్చవద్దు. మధ్యాహ్నం మూడు దాటాక టీ మానండి. పగలు పడుకుంటే అరగంట మించకూడదు. మంచం మీద చాలాసేపు దొర్లుతున్నట్లనిపిస్తే లేచి, చిన్న దీపం వెలుగులో ఒక కీర్తన చదువుకుని, నిద్ర వచ్చినప్పుడు తిరిగి పడుకోండి. భవిష్యవాణుల వీడియోలు ఆ వేళకు పనికిరావు; రాత్రి పదకొండింటికి వాటిని చూడనంత మాత్రాన దేవుని చిత్తం మీకు తప్పిపోదు.

కరెంటు భయం వట్టి భయం కాదని నాకు తెలుసు. చెరువులో ప్రాణవాయువు తెల్లవారుజామునే అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ఆ వేళ ఏరియేటర్లు ఆగితే రొయ్య నిలవదు. కానీ ఇంట్లో మీరు మేలుకోవడం వల్ల చెరువుకు జరిగే మేలు ఏమీ లేదు. జనరేటరు, డీజిల్ సాయంత్రమే సరిచూసుకోవడం, కరెంటు పోతే ఫోన్ మోగే పరికరం పెట్టించుకోవడం మీ భర్త చేయవలసిన పనులు. ఆయన నంబరు ఒక్కటే మోగేటట్లు మీ ఫోన్‌ను పెట్టుకుని, ‘అవసరమైతే మీరే పిలవండి, పిలవకపోతే నేను లేవను’ అని ఇద్దరూ ఒప్పందానికి రండి.

ఉదయం లేవగానే కాలువ గట్టున అరగంట నడవండి. ఉదయపు వెలుగు ఒంటిలోని నిద్రవేళలను సరిచేస్తుంది, నడక మనసును తేలిక చేస్తుంది. ప్రార్థన అప్పుడే చేసుకోవచ్చు, కళ్లు మూసుకుని మోకరించి ఉండనక్కరలేదు. మాటలు రాకపోతే 42వ కీర్తనను పైకి పలకండి. ‘నా ప్రాణమా, నీవు ఏల క్రుంగియున్నావు?’ అని అడిగిన ఆ భక్తుడు తనకు సంతోషంగా ఉందని నటించలేదు, మీరూ నటించవద్దు. ఇంటికి వచ్చాక ఆకలి వేసినా, వేయకపోయినా టిఫిన్ తినండి.

మీ ఉత్తరంలో నాకు ఎక్కువగా తట్టినది మరొకటి ఉంది. అప్పులు తీరాలని రోజూ ప్రార్థిస్తున్న మీకు, మొత్తం అప్పు ఎంతో తెలియదు. మన వైపు చాలా ఇళ్లలో చెరువు లెక్క మగవాళ్ల దగ్గరే ఉండిపోతుంది, భయం మాత్రం ఇంట్లో ఆడవాళ్లకు మిగులుతుంది. సాయంత్రం ఆరు గంటలకు, ఆయన చెరువుకు వెళ్లేముందు, అరగంట ఇద్దరూ ఒక నోటు పుస్తకంతో కూర్చోండి. ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు అన్నది రాసి, రేపు చేయవలసిన ఒక్క పనిని దాని కింద రాయండి. పుస్తకం మూసి, మీ చింత యావత్తు దేవుని మీద వేయుడన్న పేతురు మాటను ఆధారం చేసుకుని కలిసి క్లుప్తంగా ప్రార్థించండి. రాత్రి అప్పు గుర్తొస్తే, దానికి రేపు ఆరు గంటల వేళ ఉందని మనసుకు చెప్పుకోండి. ఏనాటి కీడు ఆనాటికి చాలునని ప్రభువు చెప్పిన మాటను ఆచరణలో పెట్టడానికి నాకు తెలిసిన తేలికైన మార్గం ఇది. మీ భర్త నిద్ర, మాట, తిండి ఎలా ఉన్నాయో కూడా ఆ అరగంటలోనే అడగండి. ఆయనకూ ఇదే బరువు ఉంది.

లేసు అల్లడం మానేశానని రాశారు. ఇష్టం పుట్టాక మొదలుపెడదామని చూస్తే ఆ రోజు రాదు. కుంగుబాటులో పని ముందు, ఇష్టం వెనుక వస్తాయి. వారంలో ఒక మధ్యాహ్నం అక్క దగ్గరకు వెళ్లి, ఇద్దరూ కూర్చుని కొంచెం అల్లండి. ఆదివారం ఆరాధన అయ్యాక వంట భారం మీ ఒక్కరిదే కాకూడదు. ఏకాంతంగా వచ్చి అలసట తీర్చుకొమ్మని ప్రభువు శిష్యులకు చెప్పిన మాట ఇంటి ఇల్లాలికీ వర్తిస్తుంది. కూతురిని సాయానికి పిలవండి. ఆమెపై విసుక్కున్న రోజున, ‘నాకు ఒంట్లో బాగాలేదు, తప్పు నీది కాదు’ అని చెప్పడానికి సంకోచించవద్దు.

అయితే, ఈ అలవాట్లు వైద్యానికి బదులు కావు. ఇలాంటి స్థితి రెండు వారాలు దాటితే చాలు, డాక్టరును కలవాలంటారు, మీకు నెలలు గడిచాయి. ఈ వారంలోనే వెళ్లి రక్తహీనత, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోండి, నెలసరిలో వచ్చిన మార్పులు చెప్పండి. భీమవరంలోను, ఏలూరులోను మనోవైద్యులు ఉన్నారు. వారు కుంగుబాటుకు మందులు ఇస్తే, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. తగ్గిందని మీ అంతట మీరు ఆపకూడదు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు కొనవద్దు. రోగులకే వైద్యుడు కావాలని చెప్పినవాడు ప్రభువే. పౌలు వెంట ఉన్న లూకాను ‘ప్రియుడైన వైద్యుడు’ అని లేఖనం పిలిచింది.

ఈ శుక్రవారం కూడికకు భోజనం చేసే వెళ్లండి. ఉపవాసం ఎందుకు లేరని ఎవరైనా అడిగితే, డాక్టరు తినమన్నారని చెప్పండి. అంతకు మించి వివరం ఇవ్వనక్కరలేదు. పాస్టరమ్మగారితో మాత్రం విడిగా మాట్లాడి, మీ గురించి సాక్ష్యంగానో ప్రార్థన అంశంగానో అందరిలో చెప్పవద్దని ముందే అడగండి.