తొట్టిలో ఒరిగిన ఓడ

ప్రశ్న: మావాడు సీనియర్ ఇంటర్, ఎంపీసీ. పదో తరగతి సెలవుల్లో మొదలుపెట్టిన తెరచాప ఓడ మోడల్ ఇంకా చేస్తూనే ఉన్నాడు. కొండపల్లి నుంచి పొణికి కర్ర తెచ్చుకుని, బద్దలు కోసి అంటిస్తాడు. ఇల్లంతా రంపపు పొట్టే. మొన్న నీళ్ల తొట్టిలో వేస్తే పక్కకి ఒరిగిందని రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మూడో రోజు వాడే వాళ్ల నాన్నగారి గాలాల డబ్బాలోంచి సీసం గుండ్లు తీసి ఓడ అడుగున పెట్టాడు. ఆయనేమో కంప్యూటర్ సైన్స్ అంటారు. వీడు నోరు విప్పడు. ఓడలంటే ఇష్టం కదా, మర్చంట్ నేవీకి పంపమంటారా?
– ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు పనికొచ్చిన మాట ఆ సీసం గుండ్లు.

షోకేసులో పెట్టుకోడానికి చేసే ఓడని సాధారణంగా ఎవరూ నీళ్లలో వేయరు. బద్దలు అంటించి, నునుపు చేసి, కొయ్యలు నిలబెట్టి తాళ్లు కడితే పని అయిపోయినట్టే. మీవాడికి అది చాల్లేదు. తేలుతుందో లేదో చూశాడు, ఒరిగితే ఎందుకు ఒరిగిందని బుర్ర బద్దలు కొట్టుకున్నాడు, చివరికి బరువు కిందికి దించాలని తేల్చుకున్నాడు. పాతకాలం తెరచాప ఓడల అడుగున రాళ్లు నింపింది కూడా అందుకే. 1628లో వాసా అనే స్వీడన్ రాజుగారి యుద్ధనౌక పైబరువు ఎక్కువై, మొదటి ప్రయాణంలోనే సుమారు 1300 మీటర్లు పోయి స్టాక్‌హోమ్ రేవులో మునిగింది. బయల్దేరకముందు 30 మందిని డెక్ మీద ఇటూ అటూ పరుగెత్తించి చూశారు. ఓడ భయంకరంగా ఊగేసరికి పరీక్ష ఆపేశారు కానీ ప్రయాణం ఆపలేదు! మీవాడు వాళ్లకన్నా నయం, తొట్టిలోంచి తీసి అడుగు సరిచేసుకున్నాడు.

ఇక మర్చంట్ నేవీ సంగతి. మీ ఊళ్లో ఆటోనగర్ ఉంది కాబట్టి సులువుగా చెప్తాను. లారీ నడిపే డ్రైవరు వేరు, ఇంజను చూసే మెకానిక్ వేరు, లారీ బాడీ కట్టే మేస్త్రి వేరు. ఓడల్లోనూ అంతే. నాటికల్ సైన్స్ చదివినవాళ్లు ఓడ నడుపుతారు, మెరైన్ ఇంజనీర్లు ఇంజన్లు చూస్తారు, నేవల్ ఆర్కిటెక్టులు ఓడని గీసి, లెక్కలు కట్టి, తయారు చేయిస్తారు. మొదటి ఇద్దరూ నెలల తరబడి సముద్రం మీద ఉంటారు. మూడోవాళ్ల పని ఎక్కువగా ఒడ్డునే. చాలాకాలం కిందట ఒక కుర్రాడు ఓడల బొమ్మలు బాగా గీస్తున్నాడని నేనే నాటికల్ సైన్స్‌కి వెళ్లమన్నాను. రంగుల తేడా గుర్తుపట్టే కంటి పరీక్షలో ఆగిపోయాడు. అతనికి అసలు సముద్రం మీద మనసే లేదని ఆ తర్వాతగానీ నాకు తెలియలేదు. అడగాల్సిన మాట నేను అడగలేదు. మీరు అడగండి.

ఎలా అడగాలంటే, ఓడ ముక్కు దగ్గర బద్దలు చూడండి. అక్కడ ఒంపు ఎక్కువ. బద్దని వేడినీళ్లలో నానబెట్టి, మెల్లగా వంచి, క్లిప్పులు పెట్టి ఆరనివ్వాలి. వెడల్పు కూడా ముక్కువైపు తగ్గించుకుంటూ రావాలి, లేకపోతే బద్ద మీద బద్ద ఎక్కుతుంది. అవి పాడైనప్పుడు కాగితం మీద కొలతలు వేసుకున్నాడా, చేత్తో తడుముతూ చెక్కుకుంటూ పోయాడా? లెక్కవైపు పోతే నేవల్ ఆర్కిటెక్చర్. ఆకారం, కర్ర గుణం మీదే ధ్యాస ఉంటే మన గుంటూరు జిల్లాలోనే ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఉంది, అక్కడి డిజైన్ కోర్సు చూడండి. దాని ప్రవేశ పరీక్ష రెండో దశలో చేత్తో చేసి చూపించే పని కూడా ఉంటుంది. విజయవాడ ఎస్పీఏలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) భవనాల ఆర్కిటెక్చర్ ఇంకో దారి, దానికి జేఈఈ మెయిన్ పేపర్ 2 రాయాలి. ఉత్తరాన్ని బట్టి చూస్తే నా మొగ్గు మొదటిదానికే.

నేవల్ ఆర్కిటెక్చర్ బీటెక్ ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ విశాఖ క్యాంపస్‌లో ఉంది. దానికి వాళ్ల సొంత ప్రవేశ పరీక్ష. ఇంటర్ మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీలో సగటున 60 శాతం తప్పనిసరి, కాబట్టి ఈ ఏడాది మార్కులు జారనివ్వకండి. ఆంధ్రా యూనివర్సిటీలో, కొచ్చిన్ యూనివర్సిటీలో కూడా ఉంది. మద్రాస్, ఖరగ్‌పూర్ ఐఐటీల్లో కావాలంటే జేఈఈ అడ్వాన్స్‌డ్. విశాఖలోని నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లాబొరేటరీలో 500 మీటర్ల పొడవు నీటి తొట్టి ఉంది. అందులో ఓడల మోడల్స్‌ని లాగి పరీక్షిస్తారు. మీ ఇంట్లో జరిగిందే, కాస్త పెద్ద ఎత్తున! 2025లో మన నౌకాదళంలో చేరిన కౌండిన్య తెరచాప ఓడకి పాత డ్రాయింగులేవీ లేవు. అజంతా చిత్రం చూసి ఆకారం ఊహించారు, మోడల్‌ని మద్రాస్ ఐఐటీలో నీళ్లలో పరీక్షించారు, పలకల్ని కొబ్బరి తాళ్లతో కుట్టారు. మనకూ ఇవి కొత్తేం కాదు లెండి, సాతవాహనులు ఓడ బొమ్మతో నాణేలు వేశారు, అదీ సీసంతోనే.

మీవారి మాటా కొట్టిపారేయలేను. ఈ చదువుకి కంప్యూటర్ సైన్స్‌కి ఉన్నన్ని కంపెనీలు రావు. షిప్‌యార్డులు, నౌకాదళం, ఓడలకి సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు, కొన్ని డిజైన్ ఆఫీసులు, అంతే. కొడుకు విశాఖలోనో, కొచ్చిలోనో, ముంబైలోనో ఉండాలి. అయితే ఇప్పుడు ఓడ డిజైనంతా కంప్యూటర్ మీదే కాబట్టి కోడింగ్ నేర్చుకుంటే అదీ వృథా కాదు. ఓడ మోడల్స్ చేయడమే బతుకుతెరువు చేసుకుంటానంటే మాత్రం వద్దనే అంటాను, సరదాగా చేసుకోమనండి.

పరీక్షలయ్యేదాకా ఆదివారం రెండు గంటలు ఓడకి ఇవ్వండి. పూర్తిగా అటకెక్కిస్తే పుస్తకం ముందు కూర్చుని దాని గురించే ఆలోచిస్తాడు. ఈలోగా ఒక లెక్క చేయమనండి. మోడల్ నూరో వంతు పొడవుంటే బరువు పది లక్షలో వంతే ఉండాలి, అంటే వెయ్యి టన్నుల ఓడకి మోడల్ ఒక కిలో. పొణికి కర్ర దూదిలాంటిది కదా, వంటింటి తూకం మీద పెడితే ఎంత లోటో తెలుస్తుంది.

నోరు విప్పడన్నారు. కంప్యూటర్ సైన్స్ ఊసెత్తకుండా వాళ్ల నాన్నని ఒక్కటే అడగమనండి: నా గుండ్లు ఎన్ని పట్టాయిరా, ఎక్కడెక్కడ పెట్టావు?