సర్దుకుపొమ్మని చెప్పకండి

ప్రశ్న: మేం లండన్‌లో ఉంటాం. మా 19 ఏళ్ల అబ్బాయి యువ నేరస్థుల జైల్లో ఉన్నాడు. సెల్లో ఉన్న తెల్ల కుర్రాడు వాణ్ని 'పాకీ' అని తిడుతున్నాడట (మన దేశాల వాళ్లందర్నీ కలిపి తిట్టే మాట అది). నిద్రలో ఉండగా చూసుకుంటానన్నాడట. పోయిన వారం ఎవరి ఖాతాలోనో 60 పౌండ్లు వేయమన్నాడు మా వాడు. వాళ్ల నాన్న 'మూడు నెలలేగా, సర్దుకుపొమ్మను' అంటున్నారు. ఫిర్యాదు చేస్తే ఇంకా కొడతారని వాడి భయం.

జవాబు: అమ్మా, ముందు ఫోన్ చేయండి, మిగతాది తర్వాత చదువుదురుగాని. ఆ జైలు ప్రభుత్వ వెబ్‌పేజీలో 'సేఫర్ కస్టడీ' (ఖైదీల భద్రత చూసే విభాగం) నంబరు ఉంటుంది. ఎవరూ ఎత్తకపోతే సందేశం వదిలేసి, అక్కడితో ఆగకుండా జైలు మెయిన్ నంబరుకు చేసి డ్యూటీ గవర్నర్‌ని (ఆ పూట జైలు బాధ్యత చూసే అధికారిని) అడగండి. 'మా వాడు భయపడుతున్నాడు' అంటే సరిపోదు. మీ వాడి పేరు, ఖైదీ నంబరు, వింగ్ (వాడుండే జైలు భాగం), ఆ కుర్రాడు ఏ రోజు ఏ మాట అన్నాడో ఆ మాటే చెప్పి, 'సెల్ షేరింగ్ రిస్క్ అసెస్‌మెంట్ (ఒకే సెల్లో ఉంచితే ప్రమాదమా అన్న అంచనా) ఇవాళే మళ్లీ చేయండి, ఈ రాత్రికే ఇద్దర్నీ వేరు చేయండి' అని అడగండి. ఎవరితో ఎన్నింటికి మాట్లాడారో రాసుకుని, అదే సంగతి ఈమెయిల్ చేయండి.

ఇంత తొందర ఎందుకంటే, లండన్‌లోనే ఫెల్తమ్ యువ నేరస్థుల జైల్లో జాహిద్ ముబారక్ అనే 19 ఏళ్ల కుర్రాడు జాతి ద్వేషమున్న రాబర్ట్ స్టీవర్ట్‌తో ఆరు వారాలు ఒకే సెల్లో ఉన్నాడు. 2000 మార్చి 21న, విడుదలకు కొన్ని గంటల ముందు, స్టీవర్ట్ బల్లకోడుతో కొట్టాడు. 28న జాహిద్ చనిపోయాడు. స్టీవర్ట్ ఉత్తరాల్లోని ద్వేషం జైలు వాళ్ల కంటపడింది, అయినా సెల్ మారలేదు. 2006లో వచ్చిన విచారణ నివేదిక ఈ తప్పుల్నే ఒక్కొక్కటిగా బయటపెట్టింది. మూడు నెలలేగా అంటున్న మీవారికి ఇది చెప్పండి.

'చాడీలు చెప్పాడు' అన్న ముద్ర పడుతుందని మీ వాడి భయం. అది ఉత్త భయమేం కాదు. అందుకే సమాచారం వాడి నోటి నుంచి కాక మీ నుంచి వెళ్లాలి. వాణ్ని వింగ్‌లో అందరి ముందూ పిలిచి అడగొద్దని, మార్చేటప్పుడు కారణం బయటపెట్టొద్దని గట్టిగా చెప్పండి. రక్షణ పేరుతో ఒంటరి సెల్లో పెడతామంటే వెంటనే ఒప్పుకోకండి. రోజంతా నాలుగు గోడల మధ్య ఉంటాడు, చదువూ పనీ ఆగిపోతాయి. అవతలి వాణ్ని మార్చమనండి.

జాతి తిట్లకు 'వివక్ష సంఘటన' ఫారం వేరే ఉంది, అదీ ఇవ్వండి. కానీ దానివల్ల ఈ రాత్రికి సెల్ మారదు, కాబట్టి దాన్నే నమ్ముకోవద్దు. జైలు లోపలి ఫిర్యాదు, దానిపై అప్పీలు అయ్యాక అంబుడ్స్‌మన్‌కు (జైళ్లపై ఫిర్యాదులు చూసే స్వతంత్ర అధికారికి) రాయొచ్చు.

ఇక ఆ 60 పౌండ్లు వేయకండి. అది లోపలి అప్పు కావచ్చు. లోపల ఒక వేప్ (ఇ-సిగరెట్) అప్పు తీసుకుంటే రెండు తిరిగివ్వాలి, దీన్ని 'డబుల్ బబుల్' అంటారు. ఒకసారి కడితే ఈ ఇంట్లో డబ్బులొస్తాయని తెలిసిపోతుంది, అడగడం ఆగదు. ఆ ఖాతా వివరాలు కూడా సేఫర్ కస్టడీకి ఇచ్చేయండి.

ఫోన్లో సెల్ సంగతులు తరచి అడగకండి, పక్కనే ఆ తెల్ల కుర్రాడుండొచ్చు. తెలుగులో మాట్లాడినా గొంతు పట్టించేస్తుంది. అవును, కాదు అని చెప్పేలా అడగండి, మిగతాది ములాఖత్‌లో. 'ఇక నా వల్ల కాదమ్మా' లాంటి మాట వినిపిస్తే మాత్రం ఆగకండి. ప్రాణం తీసుకుంటాడేమోనని భయంగా ఉందని ఆ మాటల్లోనే జైలుకు చెప్పి, 'యాక్ట్' (ప్రాణం తీసుకునే ప్రమాదమున్న ఖైదీల్ని కనిపెట్టి ఉండే) పర్యవేక్షణ మొదలుపెట్టమనండి.