ప్రాసెసర్‌కెంత, గ్రాఫిక్స్ కార్డుకెంత? ముందా శాతాల లెక్క పక్కన పెట్టండి

తక్కువ బడ్జెట్లో గేమింగ్ పీసీ కట్టుకోవాలి, ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ డబ్బు చెరిసగం పెట్టాలా, కార్డుకి రెట్టింపు పెట్టాలా అని కదా మీ ప్రశ్న. చెరిసగం మాత్రం వద్దు. కార్డుకే ఎక్కువ పెట్టండి. అయితే ప్రాసెసర్ విషయంలో ఒక గీత ఉంది, దాని కిందికి దిగితే ఎంత మంచి కార్డు పెట్టినా బూడిదలో పోసిన పన్నీరే. ఆరు కోర్లు (ప్రాసెసర్‌లో పనిచేసే భాగాలు), పన్నెండు థ్రెడ్లు (అది ఒకేసారి నడపగలిగే పనులు), ఇదీ నా గీత. రైజెన్ 5 5600, కోర్ ఐ5-12400ఎఫ్ లాంటివన్న మాట. అక్కడిదాకా పెట్టాక మిగిలిన ప్రతి పైసా కార్డుదే. "ఎనిమిది కోర్లు తీసుకో, ముందుముందు పనికొస్తుంది" అని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. ముందుముందు సంగతి సరే, ఇవాళ ఆడేది ఎలా ఆడాలి?

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా పిన్ని కొడుకు పీసీ. వాడిది పాత ఐ5-7400, నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు. అందులో ఆర్‌టీఎక్స్ 3060 కొని పెట్టాడు. సైబర్‌పంక్ 2077 మొదలుపెట్టాడో లేదో నాకు ఫోను: "అన్నా, నాకు పాడైన కార్డు అంటగట్టారు. బండి తోలుతుంటే బొమ్మ ఆగి ఆగి వస్తోంది." అప్పటికే దాన్ని అమ్మేసి ఇంకా పెద్ద కార్డు కొందామని లెక్కలేస్తున్నాడు. అమ్మొద్దు, నేనొచ్చేదాకా ఆగమన్నాను.

వెళ్లి తెర మూలన వాడకం అంకెలు కనబడేలా పెట్టాను. కార్డు యాభై శాతం చుట్టుపక్కల తిరుగుతోంది. ప్రాసెసర్ నాలుగు కోర్లూ నూటికి అంటుకుపోయి ఉన్నాయి. వాడికి ఆ అంకెలతో నమ్మకం కుదరలేదు. సరేనని గ్రాఫిక్స్ సెట్టింగు 'అల్ట్రా' నుంచి అన్నిటికంటే కిందిదైన 'లో'కి దించాను, రిజల్యూషన్ 1080పీ నుంచి 720పీకి లాగేశాను. బొమ్మ అలుక్కుపోయినట్టయింది గానీ ఫ్రేములు (సెకనుకి తెర మీదికొచ్చే బొమ్మలు) మాత్రం అదే నలభై దగ్గర కొట్టుకుంటున్నాయి. కార్డుకి పని అంత తగ్గించినా ఫ్రేములు పెరగలేదంటే ఆపుతున్నది కార్డు కాదని అప్పుడు ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఆటలోని క్రౌడ్ డెన్సిటీ తగ్గించాను. వీధిలో జనం పలచబడ్డారు, ఫ్రేములు కాస్త లేచాయి.

లోపల జరిగేది ఇదే. వీధిలో ఎవడు ఎటు నడవాలి, ఏ కారు ఎక్కడ తిరగాలి, ఈ ఫ్రేములో ఏమేం గీయాలి, ఇదంతా తేల్చి కార్డుకి అందించేది ప్రాసెసర్. గీసేది కార్డు. సెకనుకి 60 ఫ్రేములు కావాలంటే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లే టైము. వాడి ప్రాసెసర్ ఆ పనికే 25 తీసుకుంటోంది, అంటే నలభై ఫ్రేములు. మిగతా సేపు కార్డు చేతులు కట్టుకు కూర్చుంటుంది. పైగా ఆ ఆటకి 2023లో వచ్చిన 2.0 అప్‌డేట్‌తో కనీస అవసరమే ఐ7-6700కి పెరిగింది. అది నాలుగు కోర్లదే అయినా థ్రెడ్లు ఎనిమిది.

అదే మదర్‌బోర్డులో ఐ7-7700 పడుతుంది, చూద్దామన్నాడు. ఆ బోర్డుకి 7700, 7700కేల కంటే పెద్దది లేదు కదా, అందుకని సెకండ్‌హ్యాండ్‌లో కూడా దాన్ని నెత్తిన పెట్టుకుని అమ్ముతున్నారు! వద్దని రైజెన్ 5 5600, దానికో బోర్డు తీసుకోమన్నాను. ర్యామ్ డీడీఆర్4 కాబట్టి పాతదే పనికొచ్చింది. కార్డు అదే. ఇప్పుడది తొంభై శాతం దాటి పనిచేస్తోంది. కార్డు అలసిపోవాలి, అదే మంచి లక్షణం.

ఇక నాకు ఒళ్లు మండే విషయం, ఏ భాగం దేన్ని ఎంత ఆపుతోందో (బాటిల్‌నెక్) చెబుతామనే వెబ్‌సైట్లు, ఆ బాటిల్‌నెక్ కాలిక్యులేటర్లు. ప్రాసెసర్ పేరు, కార్డు పేరు ఇస్తే "14 శాతం బాటిల్‌నెక్" అని పాయింట్లతో సహా తీర్పు చెప్పేస్తాయి. ఏ ఆట? ఏ సెట్టింగు? అడగవు. ఒకే పీసీలో కౌంటర్-స్ట్రైక్ 2 ఆడితే ప్రాసెసర్ ఆపుతుంది, ఇంకో ఆటలో రే ట్రేసింగ్ (వెలుగు దారిని లెక్కగట్టి గీసే పద్ధతి) వేస్తే కార్డు ఆపుతుంది. ఎప్పుడూ ఏదో ఒకటి ఆపుతూనే ఉంటుంది, లేకపోతే ఫ్రేములకి అంతూ పొంతూ ఉండదు.

రివ్యూలు నయం, కానీ వాటిలోనూ మెలిక ఉంది. కార్డుని పరీక్షించేవాళ్లు దాన్ని అన్నిటికంటే వేగమైన ప్రాసెసర్‌తో కలిపి చూస్తారు. ప్రాసెసర్‌ని పరీక్షించేవాళ్లు ఆర్‌టీఎక్స్ 4090 లాంటి కార్డు పెట్టి 1080పీలో చూస్తారు. వాళ్ల పరీక్షకి అదే పద్ధతి, తప్పు లేదు. మనలాంటి వాడి జోడీ మాత్రం ఎక్కడా కనబడదు. నేను చేసేది చెబుతా: మీరు ఆడే ఆటకి, మీ సెట్టింగులకి, కార్డు రివ్యూలో ఎన్ని ఫ్రేములొచ్చాయో చూడండి, అదే ఆటకి ప్రాసెసర్ రివ్యూలో ఎన్నో చూడండి. రెండిట్లో ఏది తక్కువో ఇంచుమించు అదే మీకొచ్చేది. డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ (చిన్న బొమ్మ గీసి పెద్దది చేసి చూపే పద్ధతులు) వేస్తారా, అప్పుడు 1080పీ క్వాలిటీలో కార్డు నిజంగా గీసేది 720పీయే, కాబట్టి భారం మళ్లీ ప్రాసెసర్ మీదికే వస్తుంది.

ఈ లెక్కకి లొంగనివి కొన్నున్నాయి. ఇంటెల్ ఆర్క్ బీ580 ధరకి మంచి కార్డే, కానీ దాని డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) ప్రాసెసర్ మీద ఎక్కువ భారం వేస్తుంది, పాత చిప్పుతో పెడితే రివ్యూలోని అంకెలు రావు. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డుకి ఉన్నవి నాలుగే పీసీఐఈ లేన్లు (కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా నడిచే దారులు), మెమరీ 4 జీబీ. దాన్ని రైజెన్ 5 5500తో కలిపితే ఆ చిప్పు పీసీఐఈ 3.0 దగ్గరే ఆగిపోతుంది, అంటే ఆ నాలుగు దారుల వేగమూ 4.0లో సగమే, బోర్డు ఎంత కొత్తదైనా సరే. పేరులో 5500కి 5600కి తేడా వందే, లోపల ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన మెమరీ) మాత్రం సగానికి సగం, 16 ఎంబీకి 32.

కార్డు రేపు మార్చొచ్చు, ప్రాసెసర్ మార్చడం కష్టం, అందుకే ముందే పెద్దది కొనాలి అనే వాదనలో కొంత నిజముంది. నా మాట, ఖరీదైన చిప్పు కాదు, ఎదిగే సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) చూసుకోండి, అంటే తర్వాత వచ్చే చిప్పులూ పట్టేది. 2017 నాటి బీ350 బోర్డుల్లో చాలావాటికి బయోస్ (బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ పడుతుంది.

అసలు డబ్బు పోయేది ఈ రెండిటి దగ్గర కాదు లెండి. అద్దాల క్యాబినెట్, రంగురంగుల ఫ్యాన్లు, 65 వాట్ల చిప్పుకి లిక్విడ్ కూలర్. అవన్నీ కొని ర్యామ్ మాత్రం ఒకే స్టిక్కు పెడతారు! రెండు 8 జీబీలు పెడితే ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య ఉన్న రెండు ఛానళ్లూ పనిచేస్తాయి కదా. బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయకపోతే 3200 ర్యామ్ 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తుంది, ఏళ్ల తరబడి అలాగే వాడేవాళ్లున్నారు.

మీ మానిటర్ ఏదో రాయలేదు. 60 హెర్ట్జ్ (సెకనుకి 60 బొమ్మలు చూపేది) అయితే పైన చెప్పినట్టే వెళ్లండి. 144 హెర్ట్జ్ పెట్టుకుని వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ తప్ప వేరే ఆడనంటే ఒక్కో ఫ్రేముకి 6.9 మిల్లీసెకన్లే ఉంటాయి, అప్పుడు కార్డు ఒక మెట్టు దించి ప్రాసెసర్ ఒక మెట్టు ఎక్కించండి. ఏం ఆడతారో కింద రాయండి, జోడీ చెబుతాను.