అచ్చు పడలేదా, అరిగిపోయిందా?

నాణేల ముచ్చట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి విశాఖపట్నం నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి, అందులోనూ చాలావరకు అమెరికా నికెల్ నాణేల, అంటే అక్కడి ఐదు సెంట్ల బిళ్ళల గురించే. పోర్టు ఉన్న ఊరు, షిప్పుల్లో పనిచేసినవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు, వాళ్ల ట్రంకుపెట్టెల్లో ఏవో నాలుగు విదేశీ బిళ్ళలు ఉంటాయి. అందుకని ఈ నెల పేజీ మొత్తం వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా పెదనాన్నగారు షిప్పుల్లో పనిచేసేవారు. ఆయన పోయాక పెట్టె సర్దుతుంటే బిస్కెట్ డబ్బాలో పదకొండు అమెరికా ఐదు సెంట్ల నాణేలు దొరికాయి. ఒకవైపు రెడ్ ఇండియన్ తల, రెండోవైపు దున్న. వాటిలో 1926 డి అని ఉన్నది భలే మెరుస్తోంది. కానీ దున్న తల మీద బొచ్చు, కొమ్ము సరిగా కనబడవు, ఇటువైపు జడకి పైన కూడా నున్నగా ఉంది. ఇక్కడ ఒక షాపులో చూపిస్తే ‘అరిగిపోయిన సరుకండీ, వంద రూపాయలిస్తా’ అన్నారు. నిజంగా అరిగినట్టేనా? (గాజువాక)

జవాబు: ముందు ఒక మాట. ఆ నాణెం ఎవరికీ ఇవ్వకండి, ఈ జవాబు మొత్తం చదివేదాకా దాన్ని గుడ్డతో కూడా తుడవకండి.

మీ దగ్గరున్నది బఫెలో నికెల్. జేమ్స్ ఎర్ల్ ఫ్రేజర్ అనే శిల్పి గీసిన బొమ్మ, 1913 నుంచి 1938 దాకా కొట్టారు. వెనకవైపు ‘ఫైవ్ సెంట్స్’ అక్షరాల కింద చిన్న డి ఉంటే డెన్వర్ టంకశాల, ఎస్ ఉంటే శాన్‌ఫ్రాన్సిస్కో, ఏ అక్షరమూ లేకపోతే ఫిలడెల్ఫియా. మన హైదరాబాద్ మింటుకి నక్షత్రం ఉన్నట్టే. ఈ అక్షరం ఎందుకు ముఖ్యమంటే 1920ల్లో డెన్వర్, శాన్‌ఫ్రాన్సిస్కోల నుంచి వచ్చిన నికెల్స్‌లో చాలావాటికి అచ్చు సరిగా పడలేదు, వాటిలోనూ 1926 డి మరీ పేరుమోసింది. అచ్చు నిండుగా పడ్డ 1926 డి కోసం సేకర్తలు ఏళ్ల తరబడి వెతుకుతారు. అంటే మీ నాణెంలో కొమ్ము కనబడకపోవడం వింతేమీ కాదు, అది టంకశాల గుమ్మం దాటేనాటికే అలా ఉండి ఉండొచ్చు.

అచ్చు ఎందుకు పడదు అంటే, పండక్కి కజ్జికాయలు చేసేటప్పుడు చూసే ఉంటారు, అచ్చులో పెట్టిన పిండి తక్కువైనా, మూత గట్టిగా నొక్కకపోయినా అంచు మీద గీతలు సగం పడతాయి, సగం పడవు. నాణెం కూడా అంతే. ఖాళీ బిళ్ళని రెండు అచ్చుల మధ్య పెట్టి ఒక్క దెబ్బ కొడితే ఆ లోహం జరిగి లోతుల్లోకి వెళ్లాలి. బఫెలో నికెల్‌లో మనిషి తల మధ్యభాగం, దున్న భుజం రెండూ ఎత్తుగా ఉంటాయి, దాదాపు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, అక్కడ రెండువైపులా నిండేంత లోహం దొరకదు. పైగా 75 శాతం రాగి, 25 శాతం నికెల్ కలిసిన లోహం మొండిది, ఓ పట్టాన లొంగదు. అచ్చులు త్వరగా పాడైపోతుంటే వాటిని కొంచెం ఎడంగా బిగించి, దెబ్బ తగ్గించి కొట్టేవాళ్లు, ఒకే అచ్చుని ఎక్కువ రోజులు వాడేవాళ్లు. ఇవన్నీ కలిసి మీ దున్నకి కొమ్ము లేకుండా పోయింది.

ఇక అసలు పరీక్ష. మీరు పంపిన ఫొటో ట్యూబ్‌లైట్ కింద తీశారు, దాన్ని చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు, ఎందుకంటే ట్యూబ్‌లైట్ వెలుగు అన్నివైపులా పరుచుకుని గీతల్నీ దాచేస్తుంది, మెరుపునీ దాచేస్తుంది. రాత్రిపూట గదిలో లైట్లన్నీ ఆపేసి ఒకే ఒక్క బల్బు ఉన్న టేబుల్ ల్యాంపు పెట్టుకోండి. కింద మెత్తటి తువ్వాలు పరవండి, చెయ్యి జారితే కాపాడేది అదే. నాణేన్ని అంచు మీద రెండు వేళ్లతో పట్టుకుని బల్బు కింద మెల్లగా వంచుతూ తిప్పండి. వాడకంలోకి వెళ్లని నాణెమైతే వెలుగు బండి చక్రం ఆకుల్లా మధ్యనుంచి అంచుదాకా గీతలు గీతలుగా కదులుతుంది. ఆ వెలుగుని కళ్లతో వెంబడిస్తూ వెళ్లండి. జడ పైన నున్నగా ఉందన్నారే, అక్కడికి వచ్చేసరికి వెలుగు ఆగకుండా దాటిపోతే అది అచ్చు పడని చోటు. అక్కడికి రాగానే వెలుగు చచ్చిపోయి, బూడిదరంగు మచ్చలా కనబడి, దాటాక మళ్లీ మొదలైతే అది అరిగిన చోటు. మనిషి చెంప ఎముక, దున్న తుంటి, ఈ రెండుచోట్లా మరీ జాగ్రత్తగా చూడండి, జేబుల్లో తిరిగిన నాణెం ముందుగా రుద్దుకుపోయేది అక్కడే.

ఇంకో గుర్తు భూతద్దంతో దొరుకుతుంది. పదిరెట్లు పెద్దగా చూపే లూప్ చాలు, అంతకంటే శక్తి ఉన్నదైతే ప్రతి చుక్కా గొయ్యిలా కనబడి కంగారు పెడుతుంది. అచ్చు పడని చోట ఖాళీ బిళ్ళ మీద మొదటినుంచీ ఉన్న సన్నటి గరుకు, చిన్నచిన్న సొట్టలు అలాగే మిగిలిపోతాయి, ఎందుకంటే వాటిని చదును చేసే దెబ్బ అక్కడ తగల్లేదు. అరిగిన చోట ఆ గరుకు ఉండదు, వేళ్లు, గుడ్డలు, తోటి నాణేలు రాసుకుని నున్నబడిపోతుంది.

గ్రేడ్ సంగతి కూడా చెప్పాలి, షాపాయన పొరబడింది అక్కడే. నాణెం ఎంత బాగుందో చెప్పే అంకె గ్రేడు, అది 1 నుంచి 70 దాకా ఉంటుంది, 60, ఆపైన ఉన్నవన్నీ వాడకంలోకి రానివి. బఫెలో నికెల్‌కి మామూలుగా కొమ్ముని బట్టి గ్రేడ్ చెబుతారు: తేదీ చదవడానికి వీలుండి కొమ్ము అసలు కనబడకపోతే 4, కొంచెం కనబడితే 12, చాలావరకు ఉంటే 20, కొద్దిగా మాత్రమే అరిగితే 40. మిగతా ఏళ్ల నాణేలకి ఈ లెక్క బాగానే పనిచేస్తుంది. 1926 డి లాంటిదానికి ఇదే లెక్క వేస్తే ఎన్నడూ ఎవరి జేబులోకీ వెళ్లని నాణేన్ని 4 అనో 8 అనో తీసిపారేస్తాం, అది చాలా అన్యాయం. మీ నాణెం మీద చక్రం పూర్తిగా తిరుగుతుంటే అది 60 పైమాటే. అలాగని ఎక్కువ ఆశ పెట్టుకోకండి, 65, 66 దాకా వెళ్లాలంటే మెరుపు, గీతలు లేకపోవడంతోపాటు అచ్చు కూడా బాగుండాలి. ఒక్క చెంప ఎముక మీద మాత్రమే బూడిదరంగు కనిపిస్తే 55, 58 దగ్గర ఆగుతుంది.

ఒక్క అనుమానం మిగిలింది, పెదనాన్నగారో ఇంట్లో ఇంకెవరో దాన్ని ఎప్పుడైనా పాలిష్ చేశారా? పాలిష్ మెరుపు కూడా తళతళలాడుతుంది, కానీ అది ఉన్నచోటే ఉంటుంది, నాణెం తిప్పితే దాంతోపాటు తిరగదు. వీలైతే కురుపాం మార్కెట్లో తెలిసిన కంసాలి దగ్గర తూకం వేయించండి, 5 గ్రాములు రావాలి. వేయించేటప్పుడు పక్కనే ఉండండి, అలవాటుగా గీటురాయి మీద రుద్దేస్తారేమో. మిగతా పదింటి మీదా అక్షరాలు చూసి మళ్లీ రాయండి, ముఖ్యంగా 1926 ఎస్ ఉందేమో చూడండి. అవి మొత్తం కొట్టిందే 9 లక్షల 70 వేలు.

ప్రశ్న: జెఫర్సన్ నికెల్స్‌కి ‘ఫుల్ స్టెప్స్’ అని రాసి చాలా ఎక్కువ ధర చెబుతున్నారు. ఏమిటా మెట్లు? ఇంట్లో మనమే లెక్కపెట్టుకోవచ్చా? (ఎంవీపీ కాలనీ)

జవాబు: లెక్కపెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి కూడా. 1938లో బఫెలో ఆగిపోయాక ఫీలిక్స్ ష్లాగ్ గీసిన జెఫర్సన్ నికెల్ వచ్చింది, ముందువైపు ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ తల, వెనకవైపు ఆ జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లో. ఆ ఇంటి ముందు స్తంభాల కింద ఆరు మెట్లు ఉంటాయి. వాటిలో ఐదైనా ఈ చివరినుంచి ఆ చివరిదాకా తెగకుండా కనబడితేనే ఫుల్ స్టెప్స్. ఇక్కడా బఫెలో కథే, ఆ మెట్లకి వెనకే ముందువైపు జెఫర్సన్ తల మందంగా ఉండే భాగం వస్తుంది, లోహం అటు వెళ్లిపోయి ఇటు మెట్లు నిండవు. మధ్య స్తంభాల కింద అన్నిటికంటే ముందు మాసిపోతాయి, కాబట్టి చూపు అక్కడ పెట్టండి.

నాకు దీని మీద బాధ ఉంది, చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక ఊళ్లో నాణేల ప్రదర్శన జరిగితే వెళ్లి, ఒక వ్యాపారి దగ్గర ఫుల్ స్టెప్స్ అని రాసి ఉన్న 1954 ఎస్ కొన్నాను. టేబుల్ మీద పరిచిన నల్లటి గుడ్డ, పైన పెద్ద లైటు, ఐదు గీతలు చక్కగా కనబడ్డాయి. ఇంటికి వచ్చి లూప్ కింద పెడితే రెండో మెట్టుకీ మూడో మెట్టుకీ మధ్య చిన్న గాటు, దానివల్ల రెండూ కలిసి ఒక్కటైపోయాయి. తెగని మెట్లు నాలుగే! తర్వాత ఆయన కనబడలేదు. మెట్ల మీద చిన్న దెబ్బ తగిలి రెండు గీతలు కలిసినా ఫుల్ స్టెప్స్ పోయినట్టే, ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. అందుకే లూప్ జేబులో లేకుండా ఏ ప్రదర్శనకీ వెళ్లకండి.

మామూలు ఏళ్ల నాణేలకి మెట్లున్నా ధర ఆకాశానికేమీ పోదు. 1953 ఎస్ లాంటివి వేరు, ఆ ఏడు శాన్‌ఫ్రాన్సిస్కోలో అచ్చులు ఎంత నాసిగా పడ్డాయంటే పూర్తి మెట్లున్నది దొరకడమే అరుదు, దొరికితే వేల డాలర్లు పెట్టి కొంటారు. అది మెట్ల కోసం ఇచ్చే ధర, అదే నాణెం మెట్లు లేకుండా మామూలుగా దొరుకుతుంది. ఇంకో మాట, మెట్లు నిండుగా ఉన్నంత మాత్రాన గ్రేడ్ ఎక్కువని కాదు, జెఫర్సన్ బుగ్గ నిండా గాట్లుంటే ఆరు మెట్లున్నా 64 దాటదు.

ప్రశ్న: నికెల్ అంటే అయస్కాంతానికి అంటుకోవాలి కదా సార్, మా మామయ్య ఇచ్చిన 1943 నికెల్ అంటుకోవడం లేదు. నకిలీదా? (మధురవాడ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: నకిలీ అని భయపడకు బాబూ, అంటుకుంటేనే అనుమానించాలి. పేరు నికెల్ అయినా అందులో నాలుగో వంతే నికెల్, మిగతాది రాగి, అందుకే అయస్కాంతం పట్టదు. నీ 1943లో అయితే ఆ నికెల్ కూడా ఉండదు. యుద్ధానికి నికెల్ కావాలని 1942 అక్టోబరు నుంచి 1945 దాకా 56 శాతం రాగి, 35 శాతం వెండి, 9 శాతం మాంగనీస్ కలిపి కొట్టారు. వెనకవైపు మాంటిచెల్లో ఇంటి గోపురం పైన పి, డి, ఎస్‌లలో ఒక పెద్ద అక్షరం ఉంటుంది చూడు, అది ఉంటే వెండి ఉన్నట్టే. అంటుకునే నికెల్ చూడాలనుంటే ఇంట్లో పెద్దవాళ్లని 1947 రూపాయి అడుగు, ఆరో జార్జి బొమ్మ వెనక పులి ఉంటుంది. అది పూర్తిగా నికెల్, టక్కున పట్టుకుంటుంది.

ప్రశ్న: మా మామగారి నాణేలు నల్లబడ్డాయని చింతపండుతో తోమి కడిగాను. ఇప్పుడు మావారు అలా చేయకూడదంటున్నారు. 1913 నాణెం కూడా ఉంది అందులో. చాలా టెన్షన్‌గా ఉంది. (అక్కయ్యపాలెం)

జవాబు: అమ్మా, మీరు ఇత్తడి బిందె తోమినంత ప్రేమగానే తోమి ఉంటారు, తెలియక జరిగినదానికి ఎవరూ మిమ్మల్ని అనకూడదు. కానీ నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, తోమిన నాణెం మళ్లీ వెనక్కి రాదు. పులుపు పైపొరని తినేస్తుంది, పీచు సన్నటి గీతలు పెడుతుంది, గ్రేడింగ్ చేసేవాళ్లు వాటిని చూడగానే అంకె ఇవ్వకుండా ‘కడిగినది’ అని రాసేస్తారు. ఇంక మీరు చేయాల్సింది ఒక్కటే, తోమనివి ఏమైనా మిగిలి ఉంటే అలాగే వదిలేయండి. ఆ నలుపు మురికి కాదు, గాలికి వచ్చిన రంగు, లోపలి మెరుపుని కాస్తున్నది అదే.

1913ది బఫెలో నికెలే అయితే మాత్రం ఒకసారి తిప్పి చూడండి. దున్న చిన్న గుట్ట మీద నిలబడి ఉంటే అది మొదటి రకం, కొద్ది నెలలే కొట్టారు. ‘ఫైవ్ సెంట్స్’ అక్షరాలు ఆ గుట్ట మీదే ఉండి త్వరగా అరిగిపోతాయని, అదే ఏడాది గుట్ట తీసేసి, దున్న కాళ్ల కింద గీత పెట్టి, అక్షరాల్ని దాని కింద పల్లంలోకి దించారు. తోమినా సరే, గుట్ట ఉన్నదైతే దాచుకోండి.

దాచడం అంటే ప్లాస్టిక్ కవర్లలో కాదు. మెత్తగా, వాసన వచ్చే పీవీసీ కవర్లు మన సముద్రపు గాలికి రెండు మూడు ఏళ్లలోనే నాణెం మీద పచ్చటి జిగురు వదులుతాయి. అట్టతో చేసిన హోల్డర్లు, మూత బిగించే డబ్బా, అందులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు. బీచ్ వైపు ఇల్లయితే ఆ పొట్లాలు రెండు నెలలకోసారి మార్చండి.

ప్రశ్న: నా దగ్గరున్న ఆరు బఫెలో నికెల్స్ మీద సంవత్సరం అస్సలు కనబడదు. యాసిడ్ వేస్తే వస్తుందంటున్నారు, వేయమంటారా? (మర్రిపాలెం)

జవాబు: వేస్తే వస్తుంది, నిజమే. సంవత్సరం మనిషి భుజం మీద ఎత్తైన చోట ఉంటుంది, వెనకవైపు అక్షరాల్లా దీన్ని పల్లంలోకి దించలేదు, అందుకే లక్షల నాణేల మీద అది అరిగిపోయింది. అచ్చు దెబ్బకి గట్టిపడిన లోహాన్ని, వాళ్లు చెప్పే యాసిడ్, అంటే ఫెర్రిక్ క్లోరైడ్, వేరేలా తింటుంది కాబట్టి పోయిన అంకెలు పైకి తేలతాయి. తేలినచోట గరుకైన మచ్చ పడి అక్కడే ఉండిపోతుంది, చూసిన ప్రతివాళ్లూ యాసిడ్ వేశారని ఇట్టే గుర్తుపడతారు, ధర కూడా చాలా తక్కువ పలుకుతుంది. ముందు ఆరింటినీ తిప్పి అక్షరాల కింద డి గానీ ఎస్ గానీ ఉందేమో చూడండి. ఏమీ లేనిదాని మీద వేసి సంవత్సరం తెలుసుకోవాలన్న సరదా తీర్చుకోండి, చేతులకి గ్లవ్స్ వేసుకుని, కిటికీ తెరిచి. డి, ఎస్ ఉన్నవి మాత్రం అలాగే ఉంచి రెండువైపులా ఫొటో తీసి పంపండి, ఒక్క బల్బు కింద తీసినవి.